చేతుల మీద కాగితం

వైకుంఠం రెండు చేతులూ ముందుకు చాచి నిలబడ్డాడు. ఇషాక్ సేట్ రెండు బటర్ పేపర్ ముక్కలు తీసి ఒక్కో చేతి మీద ఒక్కోటి పరిచాడు. పెళ్ళికార్డు లోపల, అచ్చు మీద కప్పే పల్చటి కాగితం అది. ఊపిరి తగిలినా కదులుతుంది. సేట్ లెక్క మొదలుపెట్టాడు.

"ఏక్... దో... తీన్..."

నాలుగు దగ్గర కుడిచేతి మీది కాగితం అంచు కొట్టుకుంది. ఆరు దగ్గర జారి కింద పడింది.

ఛత్తా బజారు గల్లీలోని ఆ ప్రెస్సులో ఇది కొత్త పరీక్ష కాదు. ఇషాక్ తండ్రి తన ఎడమచేతి వేళ్ళు రెండు కటింగ్ మిషన్ కింద పోగొట్టుకున్నాడు. ఆ ఏడాది నుంచి కత్తి ముందు నిలబడేవాడు ఎవడైనా పొద్దున్నే చేతులు చూపించాల్సిందే. పది లెక్కపెట్టేదాకా కాగితం నిలిస్తే మిషన్‌కు కరెంటు వేస్తారు. వైకుంఠానికి ముందు కత్తి మీద ఉన్న రవీందర్ తాగి వచ్చి ఈ పరీక్షలోనే పని పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి ఆ ప్రెస్సులో కాగితం కింద పడితే ఒకటే అర్థం.

"రాత్రి ఎంత ఎక్కించినవ్ చాచా?" అన్నాడు ఇషాక్.

"నేను తాగ సేట్."

"రవీందర్ గూడ గదే అంటుండె."

"నిద్ర లేదు. నాలుగు నెలల సంది కన్ను మూతపడ్తలే."

"నిద్ర లేకుంటే కండ్లు గుంజుతయ్. చేతులెందుకు ఊగుతయ్?"

కవర్లు అతికించే బల్ల దగ్గర నుంచి లుబ్నా గొంతు వినిపించింది. "పెండ్లాం లేని మొగోడు రాత్రి పాలు తాగి పండుకుంటడా సేట్? మీరు గూడ మంచిగ అడుగుతరు!"

బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. వైకుంఠం కింద పడిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ పరీక్షలో ఒక్కసారి కూడా అతని కాగితం పడలేదు. ఆ సంగతి నవ్వినవాళ్ళలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

"చూడు చాచా," అన్నాడు ఇషాక్. "నాయిన దినాలల్ల ఉన్నోడివని ఆగుతున్న. వచ్చే సోమవారం కాదు, ఆ మీది సోమవారం మళ్ళ చెయ్యి చూపియ్. అప్పుడు గూడ పడితే కత్తి డానియేల్‌ది. నువ్వు కవర్ల కాడ కూసుంటవో, ఇంట్ల కూసుంటవో నీ ఇష్టం. అప్పటిదాంక మిషన్‌కు చెయ్యి పెట్టకు."

డానియేలు అప్పటికే ఏప్రన్ కట్టుకుంటున్నాడు. ముప్పై ఏళ్ళవాడు. ఇన్నాళ్ళూ వైకుంఠం కత్తిరించిన కట్టలు మోసినవాడు. "నేను అడగలేదన్నా," అన్నాడు నెమ్మదిగా.

"అడగకుండనే వచ్చింది గద. తీస్కో," అన్నాడు వైకుంఠం.

ఆ రోజంతా అతను లుబ్నా పక్కన కూర్చుని కవర్ల మూతలకు జిగురు రాశాడు. అక్కడి నుంచి కత్తి కనిపిస్తుంది. డానియేలు కట్టను ఒక అంచు మీదే బల్లకేసి కొట్టి సమం చేస్తున్నాడు. రెండో అంచు కూడా కొట్టాలి. లేకపోతే కట్ట నడుమ కాగితాలు వెంట్రుకవాసి పక్కకు జరుగుతాయి. చక్రం తిప్పి బిగించినప్పుడు అది కనపడదు. కత్తి దిగాకే తెలుస్తుంది. చెప్పొచ్చు. వైకుంఠం చెప్పలేదు. మూడు గంటలకు ఒక నిఖా కార్డు కట్ట మొత్తం బంగారు అంచు ఒకవైపు సన్నంగా, ఒకవైపు లావుగా తెగింది. ఇషాక్ డానియేలు తల్లిని కూడా కలిపి తిట్టాడు. వైకుంఠం జిగురు రాస్తూనే ఉన్నాడు.

*

బస్తీ దవాఖానాలో డాక్టరు చిన్నపిల్ల. నౌరీన్ అని బల్ల మీద రాసి ఉంది. వయసు చూడగానే వైకుంఠానికి నమ్మకం పోయింది.

"నిద్ర గోలీలు రాయమ్మా," అన్నాడు కూర్చోకుండానే.

"కూర్చోండి అంకుల్. ఏం పని చేస్తరు?"

"కటింగ్ మిషన్. కాగితాలు కోస్త."

"కత్తి ఎంత ఉంటది?"

అతను రెండు చేతులూ చాచి పొడవు చూపించాడు. ఆమె ఆ చేతులను చూసింది. వేళ్ళు వణుకుతున్నాయి. బీపీ చూసింది, మెడ తడిమింది, రక్తం తీయించింది. అదంతా అయ్యాక అడగడం మొదలుపెట్టింది.

"దినానికి ఎన్ని చాయ్‌లు?"

"ఎవరు లెక్కపెడ్తరు?"

"నేను లెక్కపెడ్త. చెప్పండి."

పొద్దున బస్సు దిగి నయాపూల్ దగ్గర రెండు. ప్రెస్సులో ప్రతి గంటకూ ఒకటి. సాయంత్రం ఫలక్‌నుమా స్టేషన్ ముందు హోటల్లో చివరిది, ఎనిమిదింటికి. పదకొండో, పన్నెండో.

"పగలు పడుకుంటరా?"

"అన్నం తిన్నంక. కత్తిరింపులు నింపిన సంచులుంటయ్. పరుపు లెక్క ఉంటయ్. రెండు గంటలు."

"రాత్రి ఎన్నింటికి మంచమెక్కుతరు?"

"ఎనిమిదిన్నరకే. నిద్ర రాదు గదా, జర ముందుగాల్నే పండుకుంటే యాళ్ళకు వస్తదని."

"వస్తదా?"

"వస్తే నీ కాడికి ఎందుకొస్త?"

ఆమె నవ్వలేదు. "పడుకుని ఏం చేస్తరు?"

"ఫోన్ చూస్త. టైమ్ చూస్త. పన్నెండు. ఒంటిగంట. రెండు. సేటును తిట్టుకుంట. మళ్ళ టైమ్ చూస్త."

ఆమె ఒక చీటీ తీసి తెలుగులో పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే చెప్పింది. పొద్దున ఐదింటికే లేవాలి, రాత్రి నిద్ర పట్టినా పట్టకపోయినా, ఆదివారమైనా. లేచి వెలుతురులో అరగంట నడవాలి. మధ్యాహ్నం పన్నెండు దాటితే చాయ్ లేదు. అంతకుముందు కూడా రెండే. పగటి నిద్ర లేదు. రాత్రి పదకొండు కాకుండా మంచం ముట్టుకోకూడదు. మంచమెక్కాక నిద్ర రాకపోతే అక్కడే పొర్లాడకుండా లేచి బయటికి వచ్చి కూర్చోవాలి. ఫోను కాదు, లైటు ఎక్కువ కాదు. కళ్ళు బరువెక్కితేనే మళ్ళీ వెళ్ళాలి. రాత్రిపూట గడియారం కంటపడకూడదు.

"ఇది మందా, ఇస్కూలా?" అన్నాడు వైకుంఠం. "నిద్ర లేదని వస్తే పండుకోకుమంటవ్!"

"మంచం చూస్తే మీ ఒంటికి కొట్లాట యాదికొస్తుంది. నిద్ర యాదికి రావాలె. మొదటి వారం ఇంకా ఘోరంగ ఉంటది. తల పగులుతది. నన్ను తిట్టుకుంటరు."

"ఇప్పుడే తిడ్తున్న. నాలుగు గోలీలు రాస్తే నీ సొమ్మేం పోతది?"

"గోలీ ఏసుకుని పొద్దున మత్తుగ కత్తి కాడ నిలబడ్తరా? వేలు పోతే నేను అతికియ్య."

"మా ఇంటామెకు మందుల దుకాణంల చీటీ లేకుండనే ఇచ్చిన్రు."

నౌరీన్ తలెత్తింది. "అవి ఏసుకుంటే ఆమె మంచిగ పడుకునేదా?"

"మంచిగనే."

"మీకెట్ల తెలుసు?"

"నా నిద్ర పాడు కాలే గద. అంటే పడుకున్నట్టే."

 ఆమె చీటీ అతని చేతిలో పెట్టి బయట కూర్చున్న మరొకరిని పిలిచింది.

*

ఆమె చెప్పినట్టే ఘోరంగా ఉంది. మూడో రోజుకు తల లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టుంది. చాయ్ వాడు ప్రెస్సులోకి వచ్చినప్పుడల్లా వైకుంఠం గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. లుబ్నా కావాలనే అతని ముక్కు కింద కప్పు ఊపింది.

"ఇది గూడ బంద్ చేసినవా చాచా? పెద్దది బంద్ చెయ్యక చిన్నది బంద్ చేస్తే ఏమొస్తది?"

"నీ నోరు బంద్ చేస్తే పున్నెం వస్తది."

"నా నోరు బంద్ అయితే గీ ప్రెస్సుల పండ్గ ఉండదు," అంది ఆమె, చాయ్ చప్పరిస్తూ.

అన్నం తిన్నాక కత్తిరింపు సంచులు పిలిచాయి. వాటి మీద కూర్చుంటే చాలు, నడుము దానంతటదే వాలిపోతుంది. అందుకని ప్రెస్సులో ఉండలేదు. ఎండలో నయాపూల్ దాకా నడిచి వంతెన మీద నిలబడ్డాడు. కింద మూసీ నల్లగా పారుతోంది. అటు కోర్టు నుంచి నల్లకోట్లవాళ్ళు, ఇటు పళ్ళబండ్లవాళ్ళు, అందరూ అతన్ని తోసుకుంటూ పోయారు. నిలబడే ఒకసారి కళ్ళు మూసుకుపోయాయి. బండివాడు మోచేత్తో పొడిచాడు. "సోనా హై తో ఘర్ జా బే! నిద్రొస్తే ఇంటికి పో!" వైకుంఠం వాడి జామకాయల బండిని ఒక తన్ను తన్ని వెనక్కి తిరిగాడు.

సాయంత్రం బస్సులో పక్క సీటువాడు నిద్రపోయాడు. పాతికేళ్ళ పిల్లగాడు, ఆఫీసు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరుచుకుని. వాడి తల మెల్లగా వాలి వైకుంఠం భుజం మీద ఆగింది. షాలిబండ దాకా ఓర్చుకున్నాడు. ఒక మనిషికి అంత తేలిగ్గా నిద్ర రావడం అన్యాయంగా తోచింది. భుజం గట్టిగా ఎగరేశాడు. "నీ అయ్య మంచమా ఇది?" పిల్లగాడు ఉలిక్కిపడి లేచి, ఎవరు తిట్టారో కూడా తెలియక, "సారీ అంకుల్" అని మళ్ళీ కిటికీకి ఆనుకుని నిద్రపోయాడు.

అన్నిటికంటే రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా గడపడం కష్టంగా ఉంది. ఇల్లంటే మేడ మీద ఒక్క గది. గదిలో ఉంటే మంచం కనిపిస్తుంది. మంచం కనిపిస్తే కూర్చుంటాడు. కూర్చుంటే పడుకుంటాడు. అందుకని గది తలుపు బయట గొళ్ళెం పెట్టి మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. పదకొండింటికి లోపలికి వెళ్ళి పడుకున్నా నిద్ర రాలేదు. ఆ డాక్టరు పిల్ల మాట ప్రకారం మళ్ళీ లేచి వచ్చి అదే మెట్ల మీద కూర్చున్నాడు. లేచాడు, పడుకున్నాడు, లేచాడు.

నాలుగో రాత్రి అలా కూర్చున్నప్పుడు కింది వాటా తలుపు తెరుచుకుంది. ఇంటి యజమానురాలు సాజిదా, అరవై దాటిన మనిషి, తల మీద దుపట్టా లాక్కుంటూ మెట్లవైపు చూసింది.

"కౌన్?"

"నేనే ఆపా."

"నువ్వా," అంది ఆమె. "ఆమె అనుకున్న."

తలుపు మూసుకుంది.

ఎవరు ఆమె? అడుగుదామనుకున్నాడు. అడగలేదు. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నా సాజిదాతో అతనికి మాటలు తక్కువ. నల్లా నీళ్ళ గురించి ఒకసారి గొడవైంది. కరెంటు గురించి ఒకసారి. ఆ తర్వాత అవసరం పడలేదు.

మొదటి వారం అయిపోయింది. తలనొప్పి ముందుగా తగ్గింది. తర్వాత, ఒక మధ్యాహ్నం జిగురు బ్రష్షు ముంచుతున్నప్పుడు, బ్రష్షు సీసా మూతికి తగలకుండా లోపలికి వెళ్ళడం చూశాడు. తొమ్మిది రోజులుగా అది మూతికి కొట్టుకుని టక్కున చప్పుడయ్యేది. రాత్రి నిద్ర మాత్రం రెండు గంటలు, మూడు గంటలు. విడిచి విడిచి వస్తోంది. నౌరీన్ దగ్గరికి వెళ్ళి ఆ సంగతి కోపంగా చెప్పాడు. రక్తంలో ఏమీ లేదని చెప్పి, ఆమె చీటీ వెనక ఇంకొక ముక్క రాసింది: నిద్ర కోసం ఎదురు చూడకండి.

"ఎదురు చూడకుంటే వస్తదా?"

"ఎదురు చూస్తే వచ్చిందా?"

తిరిగి వస్తూ అతను సోమవారం చెప్పబోయే మాట మనసులో సిద్ధం చేసుకున్నాడు. కాగితం నిలుస్తుంది. సేట్ పది అంటాడు. అప్పుడు, ప్రెస్సంతా వినేట్టు: తాగినోడి చెయ్యి గిట్ల ఉంటదా సేట్? ఇరవై రెండేండ్ల మనిషిని ఆడోళ్ళ ముంగట తాగుబోతన్నవ్. ఇప్పుడు చెప్పు. కత్తి రావాలి. దాంతోపాటు ఆ మాట వెనక్కి పోవాలి. కత్తి ఒక్కటే వస్తే సగం వచ్చినట్టే. ఈ మాటను బస్సులో, వంతెన మీద, మెట్ల మీద అటూ ఇటూ మార్చి పదును పెట్టాడు.

*

శనివారం రాత్రి తొమ్మిదింటికి సాజిదా తన గడప మీద కూర్చుని దుపట్టాకు గోటా కుడుతోంది. పెళ్ళివాళ్ళ పని. చిన్న బల్బు వెలుతురులో బంగారు పట్టీ మీద సూది గబగబా నడుస్తోంది. వైకుంఠం మెట్ల మీద కూర్చుని ఆ సూదిని చూశాడు. చెయ్యి వణకడం లేదు ఆమెకు. అరవై దాటినా.

"ఆపా," అన్నాడు. "మొన్న 'ఆమె అనుకున్న' అన్నవ్. ఎవరు?"

సాజిదా తల ఎత్తలేదు. "లీలమ్మ. ఇంకెవరుంటరు?"

లీలమ్మ అతని భార్య. చనిపోయి రెండేళ్ళయింది.

"ఆమె రాత్రిపూట ఇక్కడెందుకుంటది?"

"నువ్విప్పుడెందుకున్నవ్? గందుకే. నిద్ర లేక. ఒక దినం కాదు రెండు దినాలు కాదు, ఆఖరి రెండేండ్లు. నువ్వు పైన గుర్రు కొడుతుంటే నాకు కిందికి ఇనొచ్చేది. తలుపు తీస్తే ఆమె గీ మెట్ల మీద కూసోని ఉండేది. దా లోపలికి అంటే వస్తుండె. నాకు దారాలు విప్పి ఇస్తుండె."

"గోలీలు తెచ్చిచ్చిన గద ఆమెకు."

"తెచ్చినవ్." సూది ఆగింది. "ఎందుకు తెచ్చినవ్ భాయ్, నిజం చెప్పు. ఆమె నిద్రపోవాల్నని తెచ్చినవా? మంచం కాడ ఆమె మెసిలితే నీ నిద్ర పాడైతదని తెచ్చినవా? పొద్దుగాల సేటు ముంగట నీ చెయ్యి ఊగుతదని?"

వైకుంఠం ఆగిపోయిన సూది వంకే చూశాడు.

"ఆమె మింగలే. ఒక్క దినం మింగింది. మరునాడు పొద్దెక్కినంక లేచింది. ఆ దినం నువ్వు అన్నం డబ్బా లేకుండ పనికి పోయినవ్. వచ్చినంక ఏమన్నవో యాదికున్నదా? నాకున్నది. గల్లీ మొత్తం ఇన్నది. 'తిని పండుకునుడే నీ కొలువు' అన్నవ్. గంతే. ఆ దినం సంది దినానికొక గోలీ తీసి నా చేతుల పెడుతుండె. 'మోరీల పడేయ్ ఆపా, ఇంట్ల పడేస్తే ఆయన చూస్తడు, పైసలు పెట్టి తెచ్చిండు గద' అంటుండె. నీకు పొద్దున డబ్బా కట్టాల్నని రాత్రంత మేలుకొనే ఉంటుండె పిచ్చిది."

"నాతోని చెప్పొచ్చు గదా."

"ఎవరు? ఆమెనా?"

"నువ్వన్న చెప్పొచ్చు."

సాజిదా మొదటిసారి అతని ముఖం వంక చూసింది. "నువ్వు అడిగినవా ఎన్నడన్న? ఆమె ఉన్నప్పుడు అడగలే. పోయినంక అడగలే. ఇయ్యాల నీకు నిద్ర పడ్తలేదని అడుగుతున్నవ్."

"నీకెందుకింత కోపం?" అన్నాడు వైకుంఠం. గొంతు లేచింది. "నా పెండ్లాం. నా ఇల్లు."

"ఇల్లు నాది," అంది సాజిదా. దారం పంటితో తెంపింది. దుపట్టా మడిచి, బల్బు ఆర్పి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

చీకట్లో అతను చాలాసేపు కూర్చున్నాడు. తను ఏమన్నాడో గుర్తుంది. ఆ రోజు ప్రెస్సు పక్క హోటల్లో పూరీలు తినడం గుర్తుంది. అవి నూనె కంపు కొట్టడం గుర్తుంది. తిట్టినప్పుడు లీలమ్మ ముఖం ఎలా ఉందో మాత్రం గుర్తు రాలేదు. ఎంత వెతికినా రాలేదు. చూసి ఉంటే గుర్తుండేది.

పదకొండో ఏమో, లోపలికి వెళ్ళాడు. ఈ రాత్రి నిద్ర రాదు. రాకూడదు అనుకున్నాడు. ఒక మనిషి రెండేళ్ళు మేలుకుని ఉంటే, ఇంకో మనిషి ఒక్క రాత్రి మేలుకోవడం ఏపాటి? కళ్ళు తెరిచి, వెల్లకిలా, పైకప్పు చూస్తూ పడుకున్నాడు. నిద్ర కోసం ఎదురు చూడలేదు. వస్తే తన్ని తరమడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఫలక్‌నుమా స్టేషన్‌లో మొదటి లోకల్ రైలు కూత వేసినప్పుడు మెలకువ వచ్చింది. తెల్లవారుతోంది. ఒక్కసారి కూడా కదిలినట్టు లేదు. దుప్పటి పరిచినట్టే ఉంది. నాలుగు నెలల తర్వాత కళ్ళలో ఇసుక లేదు, మెడ పట్టేయలేదు, ఒళ్ళు తేలికగా ఉంది. ఆకలి వేస్తోంది.

ఒంటికి సిగ్గు లేదు. దానికి చోటు దొరికితే పడుకుంటుంది. ఎవరు ఎక్కడ కూర్చుని ఉన్నారో దానికి పట్టదు.

ఆదివారం రాత్రి కూడా నిద్రపోయాడు.

*

సోమవారం ప్రెస్సులో అందరూ ముందే వచ్చారు. కవర్ల బల్ల దగ్గర ఒక్క చెయ్యి కూడా పనిలో లేదు. డానియేలు ఏప్రన్ కట్టుకోకుండా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

వైకుంఠం చేతులు చాచాడు. ఇషాక్ కాగితాలు పరిచాడు. ఎడమచేతి మీది కాగితం కొంచెం వంకరగా ఉందని సరిచేశాడు కూడా. పైన ఫ్యాన్ ఆపమన్నాడు.

"ఏక్... దో... తీన్..."

ఆరు దాటింది. ఎనిమిది దాటింది. పది దగ్గర ఇషాక్ ఆపలేదు. పదకొండు, పన్నెండు అంటూ వైకుంఠం కళ్ళలోకి చూస్తూ పదిహేను దాకా వెళ్ళాడు. కాగితాలు గోడకు అతికించినట్టు ఉన్నాయి.

"వహ్వా!" అన్నాడు ఇషాక్. "వహ్వా చాచా!"

వైకుంఠం ఊపిరి తీసుకున్నాడు. దాచుకున్న మాట నాలుక మీదికి వచ్చింది. అది బయటికి వచ్చేలోపు ఇషాక్ ప్రెస్సు వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తాడు.

"చూసిన్రా అందరు? రెండు వారాలల్ల బంద్ చేసిండు! మనిషి తల్చుకుంటే ఏం గాదు? మా మామ పదేండ్ల సంది మానుతా అంటుండు, మానలే. వైకుంఠం చాచా మానిండు!"

లుబ్నా చప్పట్లు మొదలుపెట్టింది. మిగతావాళ్ళు అందుకున్నారు. ఈసారి వెక్కిరింపు లేదు వాటిలో. నిజంగానే సంతోషపడుతున్నారు. తాగుబోతు మారాడని.

"సేట్," అన్నాడు వైకుంఠం గట్టిగా. "నేను తాగలే."

"ఇప్పుడు తాగుతలేవ్. మాకు కనబడ్తుంది గదా!"

"ఇప్పుడు గాదు. ఎన్నడు తాగలే. నిద్ర లేక..."

"చల్, పోయినదాని గురించి ఎందుకు చాచా! శరం పడకు. ఎవ్వడన్న ఒప్పుకుంటడా?" ఇషాక్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతిలో ప్రేమ ఉంది. అదే భరించడం కష్టంగా ఉంది. చెయ్యి వణికితే తాగినట్టు. వణకకపోతే మానినట్టు. ఆ లెక్కలోంచి బయటపడే దారి అతనికి కనిపించలేదు. గొంతు తగ్గించి, దగ్గరగా వంగి, ఇషాక్ చెప్పాడు: "నా బాధ అంత పోయిన మీ ఇంటామె గురించే చాచా. నాయిన పోయిన నలభయ్యో దినం, చెహ్లుంకు వచ్చింది గదా మా ఇంటికి, లీలమ్మ. అప్పుడే కండ్ల కింద నల్లగ, పీక్కుపోయి ఉండె. ఈమెకు నిద్ర లేనట్టుందని మా అమ్మ అన్నది. పాపం, ఎన్నేండ్లు ఓర్చుకున్నదో నీతోని."



వైకుంఠం ఇన్నాళ్ళూ పదును పెట్టిన మాట నాలుక మీదే ఉంది. ఇప్పుడు చెప్పినా ప్రెస్సంతా వింటుంది. ఇంకొక్కసారి, ఇంకొంచెం గట్టిగా అంటే ఒకరిద్దరైనా నమ్ముతారు. డానియేలు ఒక్కడు ఎలాగూ నమ్ముతాడు. కానీ లీలమ్మకు నిద్ర లేదన్నది సేట్ తల్లి ఒక్క పూటలో చూసిన సంగతి. ఒక్క చూపుకే కనిపించింది ఆ ముసలమ్మకు.

"ఓర్చుకున్నది సేట్," అన్నాడు. "మస్తు ఓర్చుకున్నది."

"అగో!" అన్నాడు ఇషాక్ గెలిచినవాడిలా. "గదీ మాట. ఒప్పుకున్నోడే మనిషి." మిషన్‌కు కరెంటు వేయమని కేక వేసి తన గల్లాపెట్టె వైపు వెళ్ళిపోయాడు. చప్పట్లు ఆగి, కవర్ల బల్ల మీద మళ్ళీ కాగితాల గరగర మొదలైంది. ఒకామె పక్కామెతో అంటోంది, నేను ముందే చెప్పలేదా అని.

డానియేలు ఏప్రన్ తెచ్చి ఇచ్చాడు. వైకుంఠం కట్టుకున్నాడు. మొదటి కట్ట ఎత్తి ఒక అంచు బల్లకేసి కొట్టాడు. తిప్పి రెండో అంచు కొట్టాడు.

"రెండు దిక్కుల కొట్టాలె," అన్నాడు. "ఒక్క దిక్కు కొడితే నడుమల జరుగుతది."

"మొదటి దినమే చెప్పొద్దా అన్నా?"

"చెప్పలే."

 డానియేలు మిషన్ బల్ల మీద చెయ్యి ఆనించి దగ్గరికి వంగాడు. "ఏంది అన్నా గట్ల ఒప్పుకున్నవ్? నిరుడు క్రిస్మస్‌కు మా ఇంట్ల గ్లాసు ముంగట పెడితే నువ్వు వాసన గూడ చూడలే. నేను సాక్ష్యం చెప్తుంటి గద. అందరి ముంగట తాగుబోతువైతివి."

వైకుంఠం చక్రం తిప్పి కట్టను బిగించాడు. డానియేలు వేళ్ళు ఇంకా కత్తి కింది బల్ల మీదే ఉన్నాయి. ఆ వేళ్ళ వంక చూశాడు.

"చెయ్యి తియ్యి," అన్నాడు.

డానియేలు తీశాడు. కత్తి దిగింది.